చప్పుడు లేని బండి

కొంటాలో కాశయ్య ఇంట్లో నెల రోజులుగా పొద్దున్నే ఉప్మా కంటే ముందు బండి మాట వడ్డించేవారు. కొడుకు భానుప్రకాష్‌కి ఒక వస్తువు మనసులో పడిందంటే అది గుమ్మం ముందుకు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నెమ్మది ఉండదు. ఈసారి పడింది హైబ్రిడ్ ఎస్‌యూవీ. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, తయారు చేసినవాళ్లకు కూడా తెలియనంత తెలుసుకున్నాడు.

"పెట్రోలు ఇంజనూ ఉంటది, కరెంటు మోటారూ ఉంటది నాన్నా. ప్లగ్గు పెట్టే పని లేదు. బ్రేకు నొక్కినప్పుడల్లా బ్యాటరీ దానంతటదే ఎక్కుతది. మన జీపు లీటరుకు పదకొండిస్తే గొప్ప. ఇది ఇరవై దాటుతది."

"ఆ ఇరవై పట్నాల్లో," అంది మాధురి, మొగుడి పళ్లెంలో ఉప్మా పెడుతూ. ఆమె స్కూల్లో లెక్కల టీచరు, భర్త ఏ అంకె చెప్పినా ఒకసారి సరిచూస్తుంది. "ఆగుతూ సాగుతూ పోతుంటే కరెంటు మీద నడుస్తది కాబట్టి లాభం. జగదల్‌పూర్ దాకా ఒకే వేగంతో పోయే రోడ్డు మీద అంత తేడా రాదట. నేనూ చదివాను లెండి."

"సంతలకు పోయేది ఎట్లా? ఆగుతూ సాగుతూనే గద. చెక్ పోస్టులు, పశువులు, స్పీడు బ్రేకర్లు. మన రోడ్లే దీనికి సరిగ్గా సరిపోతయి."

కాశయ్య అరుగు మీద కాళ్లు బారజాపుకుని వింటున్నాడు. ముప్పై ఏళ్లుగా సంతల్లో చింతపండూ ఇప్పపువ్వూ కొని బతికిన మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. వచ్చే నెలలో ఖమ్మంలో ఆపరేషను.

"బ్యాటరీ ఏడుంటది?" అన్నాడు.

"వెనక సీటు కింద."

"శబరి పొంగి రోడ్డు మీదికి నీళ్లొస్తే?"

"నీళ్లలోకి జీపును మాత్రం తోలుతమా నాన్నా?"

"తోలినం గద," అన్నాడు కాశయ్య. లోపలి నుంచి అతని భార్య సుశీలమ్మ నవ్వు వినిపించింది.

"సరే, ఎర్రబోరు పక్కన లోపలి దారులకు పోతదా ఇది? రాళ్లకు కింద తగలదా?"

"లోపలికి మనకేం పని? అందరూ రోడ్డుకే వస్తరు గద."

కాశయ్య ఏదో చెప్పబోయి ఆగాడు. "వస్తరులే," అని గ్లాసు అందుకున్నాడు. ఆ ఆగిన మాట ఆ పూట బయటికి వచ్చుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ చిన్నప్పటి నుంచి కళ్లముందు జరుగుతున్నదాన్ని కొడుక్కి విడమరిచి చెప్పాలని ఏ తండ్రికి తోస్తుంది?

తీర్పు సుశీలమ్మ ఇచ్చింది. "ఆపరేషన్ చేయించుకుని ఆ జీపులో ఎగిరెగిరి పడుకుంట ఇంటికొస్తరా? కుట్లు దారిలోనే ఊడుతయి. కొననీండి వాణ్ణి." ఇక వాదన లేదు. జీపును దోర్నపాల్ ఇటుక బట్టీ ఆయన కొని తోలుకుపోయాడు. అది వీధి మలుపు తిరిగి చాలాసేపు అయ్యేదాకా ఇంటికి వినిపిస్తూనే ఉంది. కాశయ్య ఆ చప్పుడు ఆగిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఖమ్మం వెళ్లే ముందురోజు కొడుకును పిలిచి చెప్పాడు. "యాపారం నువ్వు చూసుకుంటవు, నాకు రంది లేదు. ఒక్కటి మాత్రం మరవకు. ఆయతక్క మందు."

ఆయతి దోర్ల తెగ మనిషి. కాశయ్యకు తోడబుట్టింది కాదు, అంతకంటే ఎక్కువ. పాతికేళ్ల కుర్రాడిగా ఒక తక్కెడ పట్టుకుని ఎర్రబోరు సంతలో కూర్చున్నప్పుడు, కొత్తవాడని అతనికి ఎవరూ చింతపండు అమ్మలేదు. మధ్యాహ్నం దాటాక ఆయతి వచ్చి తన గంప అతని ముందు దించింది. 'ఈయన నా తమ్ముడు, ఈయనకే పొయ్యండి' అని వెనకవాళ్లకు చెప్పింది. అప్పటి నుంచి ఆమె అక్క, భానుకు అత్త. చిన్నప్పుడు సంతకు వెళ్తే వాణ్ణి చంకలో వేసుకుని, 'అల్లుడా' అంటూ మేడిపళ్లు తినిపించేది.

ఆమెకు కళ్లల్లో నీటికాసులు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడికంట్లో రోజూ ఒక చుక్క మందు పడితే ఉన్న చూపు నిలబడుతుంది, ఆపితే పోతుంది, పోయింది తిరిగి రాదు అని జగదల్‌పూర్ డాక్టరు ఖండితంగా చెప్పాడు. రెండేళ్లుగా నెలకొక సీసా కాశయ్యే తెప్పించి, మొదటి సంతనాడు చేతికి ఇస్తున్నాడు.

"ఎక్కడియ్యాలె?" అన్నాడు భాను.

"సంతకు నాలుగు కిలోమీటర్ల ముందు కల్వర్టు ఉంటది చూడు, అది దాటినాక మలుపు. అక్కడ ఆపు. అక్కనే వస్తది."

అంతే చెప్పాడు.

కొత్త బండి తెల్లగా వచ్చింది. ఆపరేషనయ్యాక కాశయ్య అందులోనే ఇంటికి చేరాడు. భాను దాన్ని సంతకు తీసుకెళ్లిన మొదటి రోజు, ఊళ్లో నెమ్మదిగా పోతుంటే అది నడుస్తోందో ఆగిందో తెలియలేదు. అద్దాలు ఎత్తేస్తే లోపల చల్లగా, మరో లోకంలా ఉంది. కల్వర్టు దాటి, మలుపులో ఆపాడు. ఎవరూ లేరు. రెండుసార్లు హారన్ కొట్టాడు. పక్క నుంచి లారీ ఒకటి అంతకంటే గట్టిగా కొట్టుకుంటూ పోయింది. లోపలికి పోయే దారి వైపు చూశాడు. రాళ్లు, మధ్యలో ఎండిన వాగు. కొత్త బండి కడుపుకు ఏ రాయి తగులుతుందో అని బెంగ. దిగుదామనుకున్నాడు. బయట మార్చి ఎండ. ఐదు నిమిషాలు చూసి, వచ్చే వారం ఇద్దాం లెమ్మని కదిలాడు.

సాయంత్రం మంచం మీది నుంచే కాశయ్య అడిగాడు. మోకాళ్లకు కట్లు, మొహంలో నొప్పి. "అక్కకు మందిచ్చినవా?"

"ఇచ్చినట్టే నాన్నా."

ఇదీ మన ఇళ్లల్లో మాట. అడిగినవాడికి ఇచ్చినట్టు వినిపిస్తుంది, అన్నవాడికి అబద్ధం ఆడినట్టు ఉండదు. కాశయ్య తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. వచ్చే వారం నిజంగానే ఇచ్చేద్దామనే అనుకున్నాడు భాను. వచ్చే వారమూ మలుపు ఖాళీగానే ఉంది. ఆ తర్వాత వారమూ అంతే. ఆయతి కూతురు బుధ్రి ఇంకెక్కడైనా మందు కొంటోందేమో అనుకున్నాడు. ఏప్రిల్ సీసా కూడా కొని, మొదటి సీసా పక్కనే డాష్‌బోర్డు అరలో పెట్టాడు. చింతపండు రేటు పెరిగింది, లారీలు దొరకలేదు. నాలుగోసారి ఆపిన తర్వాత, ఇక మలుపు దగ్గర వేగం తగ్గించడం కూడా మానేశాడు.

మే నెలలో ఒక పొద్దున్న బస్సు దిగి ఇద్దరు ఆడవాళ్లు ఇంటివైపు వచ్చారు. ముందు బుధ్రి, ఆమె భుజం పట్టుకుని వెనకాల తల్లి ఆయతి. కాశయ్య కర్ర సాయంతో అరుగు మీద నడక నేర్చుకుంటున్నాడు.

"అక్కా," అన్నాడు సంబరంగా.

ఆయతి ఉన్నచోటనే ఆగిపోయింది. చేతులు ముందుకు చాపి, గాలిలో వెతుక్కుంటూ వచ్చి అతని మొహం పట్టుకుంది. చెంపలు తడిమింది, మీసం తడిమింది.

"బతికే ఉన్నవా తమ్మీ?" అని కూలబడి ఏడ్చింది. "ఖమ్మం దవాఖాన్ల పడ్డవని విన్న. ఆనాటి సంది జీపు చప్పుడే లేదు. పోయినవనుకుంటి. నాకొక మాట పంపలేదు, పరాయిదాన్నయిన గద అనుకుంటి. వాళ్ల దుఃఖంల వాళ్లుంటరు, మందని ఏ మొహం పెట్టుకుని పోవాలె అని ఊకున్న."

"నేను వినలేదు," అంది బుధ్రి కళ్లు తుడుచుకుంటూ. "వద్దు వద్దంటే గుంజుకొచ్చిన మామా. పది దినాల సంది నన్ను కూడ గుర్తుపడతలేదు."

సుశీలమ్మ ఆయతిని పొదివి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. అరుగు మీద తండ్రీ కొడుకులు మిగిలారు. మాధురి బండి దగ్గరికి వెళ్లింది. అర తెరిచి, రెండు సీసాలూ తెచ్చి మామగారి పక్కన పెట్టింది. వాటి మూతల మీద సీలు కూడా తీయలేదు.

కాశయ్య ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు. "ఇచ్చినట్టే అన్నవు," అన్నాడు.

"ఆపిన నాన్నా. నాలుగు వారాలు ఆపిన. హారన్ కొట్టిన. ఆమె రాలేదు, నేనేం చెయ్యాలె?"

"ఆ రోడ్డు మీద హారన్ కొట్టని బండేది? ఎవరిదో తెల్వని హారన్‌కు అక్కడ ఎవరన్న బయటికొస్తరా?" కాశయ్య గొంతు పెంచలేదు. పెంచితే లోపలికి వినిపిస్తుందని అతని భయం. "మన జీపు కల్వర్టు ఎక్కుతుంటేనే ఆమెకు వినపడేది. అది విని లేచి, కర్ర పట్టుకుని రోడ్డుకొచ్చేది. అక్కే కాదు, ఆ పక్కంతా అంతే. మన జీపు చప్పుడే వాళ్లకు గడియారం."

"ఈ సంగతి నాకు ముందే చెప్పొచ్చు గద."

"చెప్పలే. నీకు తెల్వదని నాకు తట్టలే. బండి కొనేనాడు మైలేజీ అడిగిన, బ్యాటరీ అడిగిన, నీళ్లడిగిన. చప్పుడు సంగతి నోటిదాకా వచ్చి ఊకున్న. ముసలోడి చాదస్తమని నవ్వుతవేమోనని. అది నా తప్పు, నేను సచ్చేదాకా మోస్త. నీ తప్పేందో నువ్వే చూసుకో."

అంతలో గుమ్మంలోకి ఆయతి వచ్చింది, గోడ పట్టుకుని. "అల్లుణ్ణి ఏమనకు తమ్మీ. తప్పు నాది. కాళ్లున్నయి, బస్సుంది, ముందే రావాల్సింది." ఆ మాటకు బదులు చెప్పాల్సినవాడు భాను ఒక్కడే. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆ గంటలోనే ఆయతినీ బుధ్రినీ ఎక్కించుకుని జగదల్‌పూర్ బయల్దేరాడు. సుక్మా దాటాక ఆయతి మెల్లగా అడిగింది. "ఏడికొచ్చినం అల్లుడా? బండి కదిలినట్టే లేదు."

"సుక్మా దాటినం అత్తా."

"అవునా? మెత్తగ ఉంది. తమ్ముడి మోకాళ్లకు హాయి. మంచిది కొన్నవు."

అతను లెక్క వేసినవన్నీ నిజమే అయ్యాయి. ఎదురుగా తెర మీద లీటరుకు ఇరవై ఒకటి అని చూపిస్తోంది. ఆ అంకెను చూడబుద్ధి కాక కళ్లు రోడ్డుకే అప్పగించాడు.

డాక్టరు కంట్లోకి లైటు వేసి చూశాడు, యంత్రం పెట్టి చూశాడు. భానును పక్కకు పిలిచి హిందీలో చెప్పాడు. వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ మిగల్లేదట. మందు ఆపకుండా వేసి ఉంటే ఈ చూపు ఇంకొన్నేళ్లు ఉండేదట. ఎందుకు ఆపారని అడిగాడు. భాను చేతిలో చీటీ మడతపెడుతూ నిలబడ్డాడు. ఆయతికి మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "పోయిందా?" అని తనే అడిగి, తనే తలాడించి, కొంగు సర్దుకుంది.

తిరిగి మలుపు చేరేసరికి ఎండ వాలింది. భాను బండి రోడ్డు పక్కన ఆపి దిగాడు. ఆయతి చేయి తన భుజం మీద వేసుకుని, రాళ్లదారిలో నడిచాడు. బుధ్రి ముందు నడిచింది. వాగు దాటారు, రెండు చింతచెట్లు దాటారు. ఇంకా చాలా దూరం ఉందనుకుంటుంటే బుధ్రి తడిక తీసింది.

"ఇదేనా ఇల్లు?" అన్నాడు భాను నమ్మలేక.

వెనక్కి తిరిగి చూశాడు. చెట్ల సందులోంచి, రోడ్డు మీద తన తెల్ల బండి కనిపిస్తోంది. అద్దాలు కూడా కనిపిస్తున్నాయి. కళ్లున్న వాడెవడైనా ఈ అరుగు మీద కూర్చుని దాన్ని చూడగలడు. నాలుగు వారాలు అతను అక్కడ చల్లగా కూర్చున్నాడు, ఆమె ఇక్కడ చెవులు రిక్కించుకుని కూర్చుంది. వాగు దాటి పిలిచినా వినపడేది. అరుగు మీద కూర్చున్న ఆయతి కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

"అత్తా, తప్పు నీది కాదు. నేనొచ్చిన. నాలుగుసార్లు వచ్చిన. ఆ మలుపు కాడ ఆపిన. మందు బండిలోనే ఉండె. బండికి రాళ్లు తగులుతయని, ఎండగుందని... దిగలేదు అత్తా. నాన్నకు ఇచ్చినట్టే అని చెప్పిన."

ఆయతి చేతులు ఒళ్లో అలాగే ఉండిపోయాయి. తిడితే బాగుండునని భాను ఎదురుచూశాడు. లోపల బుధ్రి గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"వచ్చినవా?" అంది ఆయతి. "నాలుగుసార్లు..." ఆమె రోడ్డు వైపు తల తిప్పింది. "దిగి రావద్దా అల్లుడా?"

భాను మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఏడుపు ఆపుకోవడం చేతకాలేదు. ఆయతి అతన్ని ఊరుకోమనలేదు. ఆమె కన్ను కూడా తడిసింది, చూపు పోయినా నీళ్లు పోలేదు. అతని ఏడుపు కొంచెం సద్దుమణిగాక, తడుముకుంటూ చేయి చాపి తల మీద పెట్టింది.

"పొద్దుట్నుంచి ఏం తినలేదు నువ్వు. నాకు తెల్సు, నీ పక్కనే ఉన్న గద. బుధ్రీ, అల్లుడికి జావ పొయ్యి."

బుధ్రి సొరకాయ బుర్రలోంచి జావ ఆకుదొప్పలోకి వంచి ఇచ్చింది. ఆమె అతని మొహం చూడలేదు, ఆమెకు అంత త్వరగా మనసు కరగదు, కరగాల్సిన అవసరమూ లేదు. భాను రెండు చేతులతో దొప్ప అందుకున్నాడు.

"తాగు," అంది ఆయతి. "తాగి, చీకటి పడకముందే పో. నాన్న ఎదురు చూస్తుంటడు."