మూడో చరణంలో పడవ

ఆటోనగర్‌లో టైర్ల కొట్టు మీది డిటెక్టివ్ గదిలోకి వచ్చిన కొండలమ్మ ఫోను చాపింది. గిలకలదిండి రేవులో చేపలమ్ముకునే, రాయడం రాని ఆమె, వల లాగేటప్పుడు పాడటానికి తానే కట్టిన పాటను పాడి వీడియో పెడితే, ఎవరో కాపీరైటు ఫిర్యాదు చేసి తీయించేశారు. మళ్లీ పాడితే కేసంటూ నోటీసు కూడా పంపారు.

"నా పాట నేను పాడుకుంటే దొంగనంటమ్మా," అంది. పక్కనే ఉన్న కూతురు వినీల తల్లి వీపు నిమిరింది.

డిటెక్టివ్ ఫక్రున్నీసా పాట మొత్తం పాడించుకుంది. అసిస్టెంటు కోటికి ఒళ్లు జలదరించింది.

"వీడియోలో రెండు చరణాలే ఉన్నాయేం?" అడిగాడతను.

"మూడోది పడవ మీదే పాడతానండీ, మా వాళ్లూ ఈ పిల్లా వింటారంతే. కొత్తగా నీళ్లలో దిగిన పడవ పేరు అందులో పెట్టుకుంటాం. ఇప్పుడు సింధూరి. పోయినేడు దించాం."

మర్నాడు అందరినీ పిలిపించింది ఫక్రున్నీసా. అదే పాటను రికార్డు చేయించుకుని ఫిర్యాదు చేసిన స్టూడియో యజమాని ఇష్తియాక్ ధీమాగా ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. చేత్తో రాసిన మూడు చరణాలు, కింద 'నీలవేణి' అన్న పేరు, మూడేళ్ల కిందటి తేదీ.

"ఈ నీలవేణి గారిని చూశారా?"

"లేదు మేడం. పోస్టులో పంపారు, హక్కులూ రాసిచ్చారు. అయినా ఈవిడ పాటను రిజిస్టరు చేయించిందా?"

"అక్కర్లేదండీ. సొంతంగా పాట కట్టి రాసినా, రికార్డు చేసినా అప్పుడే హక్కు పుడుతుంది. మీ రికార్డింగు మీద హక్కు వేరు, ఆ మాటల మీదా బాణీ మీదా హక్కు వేరు."

కోటికి మాత్రం ఆ తేదీ చూసి నీరసం వచ్చేసింది. కొండలమ్మ వీడియోకి ఏడాది కూడా నిండలేదు.

"మూడో చరణంలో సింధూరి ఎవరు?" అంది ఫక్రున్నీసా.

"ఎవరో అమ్మాయి అయ్యుంటుంది."

"పడవండీ. పోయినేడు దించిన పడవ, మూడేళ్ల కిందటి కాగితంలోకి ఎలా ఎక్కింది?"

ఇష్తియాక్ కాగితాన్ని తన వైపు లాక్కుని మూడో చరణం మళ్లీ చదివాడు.

"తేదీ అబద్ధం. ఈ చరణం వీడియోలో లేదు, పడవ మీద విన్నవాళ్లకే తెలుసు. ఈ గదిలో అలాంటివాళ్లు ఇద్దరు. ఒకరికి రాయడం రాదు."

కోటికి వినీల వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు. నిన్న తల్లి వీపు నిమిరిన చెయ్యే గుర్తొచ్చింది.

"సినిమాల్లో ఛాన్సు వస్తుందని..." నేల చూస్తూ అంది వినీల. "అమ్మకి నోటీసు పంపుతారనుకోలేదు."

కొండలమ్మ కూతురి వైపు తిరిగింది.

"అడిగితే ఇచ్చేదాన్ని కదే."

"పాట మీద హక్కు రాసిచ్చెయ్యొచ్చండీ," అంది ఫక్రున్నీసా మెల్లగా. "కట్టింది మీరన్నది మాత్రం మీరిచ్చినా పోదు. చట్టం అలా ఉంది."

"కన్నదాన్నన్నదీ అంతేగామ్మా," అంది కొండలమ్మ. లేచి తలుపు దాకా నడిచి, కూతురి కోసం ఆగింది.