ఉప్పునీళ్లలో దానిమ్మ తొక్కలు

“నా తొక్కల్లో ఏం కలుపుతున్నావు?”

రబాబ్ గాజు సీసాను నా కౌంటర్ మీద ఠక్కున పెట్టింది. లోపల పాలు విరిగినట్టు తెల్లగా ఏదో తేలుతోంది.

“దానిమ్మ రసం అమ్మేవాణ్ని డాక్టరమ్మా, విషం కాదు.”

“నవ్వించకు. ఏడవడానికే టైం లేదు.”

ఈజిప్టులోని అస్యూత్‌లో యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉంది నా కొట్టు. పిండేసిన తొక్కలు ఆమె ల్యాబ్‌కి పట్టుకెళ్తుంది. వెండి ద్రావణంలో తొక్కల కషాయం పోస్తే కంటికి ఆనని వెండి కణాలు పుడతాయట. వాటితో కాలిన గాయాలకు మందు చెయ్యాలని ఆమె పట్టుదల.

గోధుమరంగుకు తిరిగితే గెలిచినట్టు. మొదటి మూడు వారాలూ తిరిగింది. తర్వాత అయిదు వారాలుగా ఇలా తెల్లగానే. ఇవాళ రెండింటిలోపు చూపించకపోతే ఆ పరిశోధన వేరొకరికి ఇచ్చేస్తానన్నాడు ప్రొఫెసర్.

బయట దుమ్ముగాలి. పొద్దున్నుంచీ సూర్యుడి జాడ లేదు.

“తొక్కలు ఎక్కడ పెడతావో చూపించు.”

వెనక గదిలోకి తీసుకెళ్లాను. తొక్కలు నానుతున్న ప్లాస్టిక్ తొట్టె దగ్గర ఆగిపోయింది. వేలు ముంచి నాలుకకు తగిలించుకుంది.

“ఉప్పా?”

“మరి? ఉత్తగా వదిలేస్తే నల్లబడతాయి. మీకు అలాంటివెలా ఇస్తాను? గాడిదలకి వేసేవి ఆ బస్తాలో ఉన్నాయి.”

ఆమె గోడకు ఆనుకుని నేలమీదే కూర్చుండిపోయింది.

“ఉప్పు తగిలితే వెండి తెల్లగా విరిగిపోతుంది, షాబాన్. అయిదు వారాలు. తప్పు నా చేతుల్లో ఉందనుకున్నాను.” తలెత్తి అడిగింది. “ఎందుకు మొదలుపెట్టావు?”

అబద్ధం కోసం వెతికాను. దొరకలేదు.

“అంతకుముందు అందరిలాగే మీరూ ‘ఉస్తా’ అనేవారు, పనివాళ్లని పిలిచినట్టు. అయిదు వారాల కిందట మొదటిసారి పేరుతో పిలిచారు. ఆ రోజే తొట్టె కొన్నాను.”

ఆమె లేచింది. గడియారంలో ఒంటిగంట దాటి పది నిమిషాలు.

గాడిదల బస్తాలోంచి తొక్కలు సంచిలో కుక్కాను. ఇద్దరం పరిగెత్తాం. నన్ను ల్యాబ్ గుమ్మం దగ్గరే ఆపేశారు. తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. రెండింటికి అయిదు నిమిషాలుందనగా ఆమె చేతిలో సీసా గోధుమరంగుకు తిరిగింది. ప్రొఫెసర్ చూశాడు. తలూపాడు. బల్లమీద ఉన్న కాగితం ఆమె వైపు జరిపాడు.

ఆమె బయటికొచ్చింది.

“రంగు బాగుందన్నారు. కానీ వేరొకరికి ఇచ్చేస్తూ పొద్దున్నే సంతకం పెట్టేశారట. నా పేరు తీసేశారు.”

“నేను చెబుతాను ఆయనకి. తప్పు నాది.”

“చెప్పాను. ఉప్పు అన్నాను. ఆయనకి అది చాలు.”

మెట్లు దిగాం. దుమ్ములో గేటు కూడా సరిగ్గా కనిపించడం లేదు.

“రేపు ఊరెళ్లిపోతున్నాను. పరిశోధన ఎందుకు పోగొట్టుకున్నావని మా నాన్న అడుగుతారు. ఆయనకి ఉప్పు అంటే చాలదు.”

దుపట్టా అంచుతో కళ్లలో దుమ్ము తుడుచుకుంది. అది దుమ్మేనో కాదో నాకు తెలీదు.

“శుక్రవారం నమాజ్ అయ్యాక ఇంట్లోనే ఉంటారు. ఉప్పు ఎందుకు వేశావో నువ్వే వచ్చి చెప్పు.”