ఇంటి నంబరు లేని హోటలు

"వ్యాన్‌కు ఇంటి నంబరెంత?"

ధీరజ్ తలెత్తకుండానే అడిగాడు. కేసముద్రం పంచాయతీ ఆఫీసులో ట్రేడ్ లైసెన్సుల సీటు అతనిదే.

కమ్లీ కిటికీలోంచి తొంగి చూసింది. "వ్యాన్‌కు ఇంటి నంబరుంటదా సార్?"

"లేకుంటే లైసెన్సు రాదు. రూల్."

"డోర్లయితే రెండున్నయి. డ్రైవర్ దిక్కుది రాయాల్నా, క్లీనర్ దిక్కుది రాయాల్నా?"

వెనక లైనంతా నవ్వింది. ధీరజ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ పాత వ్యాన్ కోసం ఆమె తండ్రి హీర్యా ఎడ్లను అమ్మాడు. పత్తి సీజన్ మొదలయ్యేలోపు మార్కెట్ ముందు జొన్నరొట్టెల బండి పెట్టాలి. లేదంటే తండాలో ఎడ్లూ లేవు, ఇక్కడ బండీ లేదు.

హెల్త్ సర్టిఫికెట్‌కు పోతే ముందు లైసెన్సు తెమ్మన్నారు. లైసెన్సుకు వస్తే హెల్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. బండిలో పొయ్యి బిగించుకునే పర్మిషన్ ఇచ్చే పెద్దమనిషి, నంబర్ ప్లేటు మీద ఏపీ చెరిపి ఉద్యమకారుల్లా రాసుకున్న టీజీ చూసి మండిపడ్డాడు. "ఏపీ అని రాసుకొని రా పో!" ఆయన స్కూటర్ మీదా టీజీయే ఉంది. మార్కెట్ గేటు దగ్గర మురిక్కాలువ పక్కనే బజ్జీలు వేసేవాణ్ణి మాత్రం ఏ ఆఫీసూ ఏమీ అడగలేదు. అడగకుండా వండేవాడికి అడ్డే లేదు. అడిగిన పాపానికే అన్ని అడ్డంకులూ.

ఆ ఆఫీసు మొత్తానికి దయగల వస్తువు ఒక్కటే, అటెండరు పెట్టిన మంచినీళ్ళ కుండ.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసుకు తాళం పడింది. ఉద్యోగులంతా రోడ్డుకడ్డంగా కూర్చుని వంటా వార్పు మొదలుపెట్టారు. కమ్లీ వ్యాన్ అక్కడే ఆగిపోయింది. గంజి పొంగి, అన్నం అడుగంటి, పొగలో కళ్ళు నులుముకుంటూ గరిటె తిప్పుతున్నది ఎవరో కాదు, ధీరజే.

ఆమె దిగి వచ్చింది. "రోడ్డు మీద వండుతున్నరు గదా సార్, ట్రేడ్ లైసెన్సున్నదా?"

"ఇది ఉద్యమం!"

"హెల్త్ సర్టిఫికెట్?"

"జర ఊకో కమ్లీ!"

"ఇంటి నంబరు?"

"రోడ్డుకు ఇంటి నంబరెక్కడిది!"

అన్నాక గాని అతనికి తానేమన్నాడో వినపడలేదు. గరిటె ఆగింది. కమ్లీ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

సరిగ్గా అప్పుడే వాన దిగింది. పొయ్యి ఆరిపోయింది. ఆమె వ్యాన్ పక్కరేకు ఎత్తి కట్టి, "రాండ్రి, మిమ్ముల రూల్ అడగ" అంది. కాసేపటికి, ఇన్నాళ్ళూ సంతకం పెట్టని చేతులన్నీ రొట్టె కోసం సాగాయి. టీజీ చూసి మండిపడ్డ పెద్దమనిషి మూడోది అడిగాడు. తడిసి వణుకుతున్న ధీరజ్‌కు మాత్రం ఆమె అడగకుండానే పుంటికూర ఎక్కువ వేసింది.

సమ్మె ముగిసింది. పత్తి బండ్లు కదిలే వేళకు ధీరజ్ వ్యాన్ దగ్గరికి వచ్చాడు.

"రూల్ మంచిగ చదివిన. రాత్రిపూట బండిని ఏ ఇంటి ముంగట నిలుపుతే ఆ ఇంటి నంబరు రాయొచ్చు."

"మా తండాల ఇండ్లకే నంబర్లు లెవ్వు."

"మా ఇంటి ముంగట జాగున్నది."

"బండి మీ ఇంటి ముంగట పెట్టి, నేను తండా దాంక నడుసుకుంట పోవాల్నా?"

"పోకు."

పెనం మీద రొట్టె మాడింది. ఆమె చేతిలో రొట్టె మాడటం అదే మొదలు.

"గట్లయితే నో అబ్జెక్షన్లు గావాలె సార్," అంది తల దించుకునే. "మా బాపుది. మీ అమ్మది."

హీర్యా కాబోయే అల్లుణ్ణి పైకీ కిందికీ చూశాడు. "అన్నం మాడగొట్టింది నువ్వేనా? నేర్చుకుంటే నాకేం అబ్జెక్షన్ లేదు."

ధీరజ్ తల్లి శశికళ మాత్రం ఆ సాయంత్రం మొహం ముడుచుకునే వ్యాన్ ముందు నిలబడింది. రొట్టె తిన్నది. కారమెక్కువన్నది. ఉప్పు తక్కువన్నది. ఇంకో రొట్టె తిన్నది. కొడుకు చేతిలోని దరఖాస్తు లాక్కుని చదివి, కసిరింది.

"ఏం కొలువు చేస్తున్నవ్‌రా? మనింటి నంబర్ల 'బై ఏ' ఏది? గిట్ల తప్పు రాస్తే పిల్లకు లైసెన్సు ఎట్లొస్తది?"