నాలుగుసార్లు పాడైన పెట్టె

ఇనెజ్ సిల్వేరా పెట్టె మూత తీసి వాసన చూసింది. కళ్ళు మూసుకుని మనసులో పదిదాకా లెక్కపెడదామనుకుంది. ఆరు దగ్గరే ఓపిక అయిపోయింది.

"ఎమెట్! ఇది బేకన్ వాసన."

కౌంటర్ అవతల నిలబడ్డ ఎమెట్ డౌ తడిసిన టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. అఖాతంలో ఆల్చిప్పలు పెంచే పడవ మీద అతని పని. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చొక్కా నిండా ఉప్పునీటి మరకలు. బయట ఆర్కాటా ఊరి వీధుల్లో పొద్దుటినుంచీ ఒకటే వాన.

"మెరుస్తుందని... కొంచెం రాశాను."

"మేపుల్ చెక్కకి బేకన్ నూనె రాశావా?"

"నెలకోసారి పాలిష్ పెట్టమన్నది నువ్వే కదా?"

"తేనెమైనం అన్నాను! కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. పెద్ద అక్షరాలు, కింద రెండు గీతలు!"

ఇనెజ్ చేసేది అరచేతిలో ఇమిడే చెక్క వేపరైజర్లు. ఆ ఊళ్ళో అందరూ వాటిని పెట్టెలనే అంటారు. లోపల బొటనవేలి గోరంత స్టీలు జాలీ. దానిమీద, అక్కడ చట్టం ఒప్పుకున్న గంజాయి ఆకుపొడి వేసి, పక్కన దూర్చిన బ్యాటరీని వేలితో నొక్కి పట్టుకుంటే జాలీ వేడెక్కుతుంది. ఆకు కాలదు, పొగ రాదు, ఆవిరి మాత్రం వస్తుంది. జాలీని కుంచెతో దులిపి, చెక్కకి మైనం పట్టిస్తూ ఉంటే పెట్టె పదేళ్ళు ఉంటుంది.

ఎమెట్ కొన్నది జూన్‌లో. అక్టోబరు వచ్చేసరికి ఇది నాలుగో రిపేరు. మొదటిసారి జాలీకి చిల్లి పడింది, అల్లిక సూదితో పొడిచానన్నాడు. రెండోసారి గిన్నెలు కడిగే మెషీన్లో వేశాడట, చెక్క ఉబ్బి మూత బిగుసుకుపోయింది. మూడోసారి బ్యాటరీ తిరగేసి పెట్టి, దూరడం లేదని సుత్తితో కొట్టాడట. వచ్చిన ప్రతిసారీ క్షమాపణగా ఒక సంచీడు ఆల్చిప్పలు తెచ్చేవాడు. అవంటే ఇనెజ్‌కి అసలు పడదు. వాటిని తిని పక్క సైకిల్ షాపువాళ్ళు మాత్రం బాగా ఒళ్ళు చేశారు.

ఇంత జరిగినా అతను వస్తాడనుకున్న రోజున తను ఉతికిన ఏప్రాన్ కట్టుకుంటోంది. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకి తనమీద తనకి ఒళ్ళు మండేది.

"ఇంకో చిన్న మాట," అన్నాడు ఎమెట్ బెదురుగా. "బ్యాటరీని వేలితో కాకుండా అరచేత్తో నొక్కేట్టు మార్చగలవా?"

"దేనికి?"

"ఊరికే."

"రోజంతా ఆల్చిప్పలు చీలుస్తావు. ఆ చేతులతో ఒక్క బ్యాటరీ నొక్కలేవా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇనెజ్ పెట్టెను డ్రాయర్లో పడేసి ధడాలున మూసింది.

"ఇది నీకివ్వను. చెక్కని హింసించేవాడికి నేనేమీ చెయ్యను."

"ఇనెజ్, ప్లీజ్. అది లేకపోతే ఇవాళ నిద్ర పట్టదు."

"ఎవరికి?"

ఎమెట్ ఒక్క క్షణం తడబడ్డాడు. "నాకే."

"మంచిది. మేలుకుని నేను రాసిచ్చిన కాగితం చదువుకో."

అతను టోపీ నెత్తిన పెట్టుకుని, మొహం వేలాడేసి వానలోకి వెళ్ళిపోయాడు. ఆ మొహం చూశాక ఇనెజ్‌కి ఆ పూటంతా ఏ పనీ సాగలేదు. దానికీ అతనినే తిట్టుకుంది.

మర్నాడు షాపు తెరుస్తూనే ఫోన్ మోగింది.

"మిస్ సిల్వేరా?"

ఆ గొంతు వినగానే ఇనెజ్ వెన్ను దానంతటదే నిటారైంది. నోట్లో చూయింగ్ గమ్ మింగేసింది. బడి వదిలి పద్నాలుగేళ్ళయినా ఆ గొంతుని మరిచిపోవడం ఎవరి తరమూ కాదు. వైస్ ప్రిన్సిపాల్ మిసెస్ లారిమర్.

"నా వస్తువొకటి నువ్వు జప్తు చేశావని మా మనవడు ఎమెట్ చెబుతున్నాడు. ఏ అధికారంతో?"

ఇనెజ్ నోరు తెరిచేలోపే ఆవిడ మళ్ళీ అందుకుంది.

"మధ్యాహ్నం రెండింటికి మా ఇంటికి తీసుకురా," అని ఫోన్ పెట్టేసిందావిడ.

పదకొండో తరగతిలో ఇనెజ్ చెక్కపని క్లాసులో కూర్చుని పొగ పీల్చే ముచ్చటైన గొట్టం ఒకటి చెక్కింది. మిసెస్ లారిమర్ దాన్ని లాక్కుని, మూడు రోజులు బడికి రావద్దంది. అంతటితో ఊరుకోలేదు. చెక్కపని క్లాసులోంచి తీసి టైపింగులో పడేసింది. మళ్ళీ ఉలి పట్టుకోవడానికి ఇనెజ్‌కి మూడేళ్ళు పట్టింది. నాన్న పశువుల కొట్టంలో, ఆవుల మధ్య, ఎవరూ చెప్పేవాళ్ళు లేకుండా తనంతట తనే నేర్చుకుంది. ఆవిడ కనబడితే అడగాల్సిన మాటలు ఏళ్ళ తరబడి పోగుపడి ఉన్నాయి. మధ్యాహ్నం పెట్టె పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్తూ దారిపొడుగునా వాటిని వరసపెట్టుకుంది. కడిగెయ్యాలి. అంతే.

తలుపు తీసిన ముసలావిడ చేతులు చూసేసరికి ఆ వరసంతా చెదిరిపోయింది. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. తలుపు గడియను మోచేత్తో తోసి తీసింది.

"బూట్లు బయట విడిచి రా."

ఇనెజ్ విడిచింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆపుకోలేక అడిగేసింది. "గిన్నెల మెషీన్లో ఎందుకు పెట్టారు మేడం?"

"మురికి వస్తువుని ఇంకెక్కడ పెడతారు?"

"మరి సుత్తి?"

"మాంసం కొట్టేది. చిన్నదేలే."

"బేకన్ నూనె?"

"చేతిలోంచి జారి పెనంలో పడింది. తప్పు నాది కాదు. ఆ పెట్టె పట్టుకోవడానికి వీలుగా లేదు."

ఇనెజ్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "ఎమెట్‌ని నొక్కమంటే నొక్కడా?"

మిసెస్ లారిమర్ కిటికీలోంచి వానవైపు చూసింది. "పొద్దున్నే వాడు నా గుండీలు పెడతాడు. జుట్టు దువ్వుతాడు. కాఫీ కప్పు నోటిదాకా తెస్తాడు. ఆ తర్వాతే పడవెక్కుతాడు. నొప్పి తగ్గించుకునే పనైనా నేను చేసుకోవద్దూ?" గొంతు తగ్గించింది. "ముప్పై ఏళ్ళు ఈ గంజాయికి వ్యతిరేకంగా ఊళ్ళో ఉపన్యాసాలిచ్చాను. ఇప్పుడు డాక్టరు అదే వాడమన్నాడు. తెలిస్తే ఊరు నవ్వదూ? అందుకే ఎవరికీ చెప్పనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను."

"మీరు నన్ను చెక్కపని క్లాసులోంచి తీసేశారు," అంది ఇనెజ్. పోగుచేసుకున్న మాటల్లో అదొక్కటే బయటికొచ్చింది.

"గుర్తుంది. బడికి రావద్దనడం రూలు. క్లాసులోంచి తీసెయ్యడం మాత్రం నా కోపం. అది తప్పు. చేసినప్పుడే తెలుసు, దిద్దుకోలేదు."

ఇనెజ్ సంచీలోంచి కాగితం, పెన్సిల్ తీసింది. "చెయ్యి బల్లమీద పెట్టండి మేడం. కొలత కావాలి."

ఆ వారమంతా పడవ తిరిగి రాగానే ఎమెట్ షాపుకి వచ్చేవాడు. సాయం చేస్తానన్నాడు. అది సాయమని ఇనెజ్ ఒప్పుకోలేదు.

"పొడుగ్గా రుద్దు! అడ్డంగా రుద్దితే గీతలు పడతాయని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇది పొడుగు కాదా?"

"దేవుడా! చెక్కలో చారలు కనబడటం లేదా నీకు?"

"కనబడుతున్నాయి. నీ చెంపమీద చెక్కపొట్టు కూడా కనబడుతోంది." తుడవబోయి చేతిలో ఉన్న గరుకు కాగితం గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఇనెజ్ తల తిప్పేసుకుంది. "పాడుచేసింది మీ అమ్మమ్మని నువ్వైనా చెప్పాల్సింది. నిన్ను తెలివితక్కువవాడివని నాలుగుసార్లు అన్నాను."

"ఐదు. ఒకసారి సైకిల్ షాపువాళ్ళ ముందు."

"మాటలు పడి ఊరుకున్నావేం?"

"ఒట్టు వేశాను కదా. పైగా నువ్వు తిడుతుంటే వినడానికి బాగానే ఉండేది."

"గరుకు కాగితం ఇలా ఇచ్చి, బయటికి నడు."

అతను ఇవ్వలేదు. వెళ్ళలేదు కూడా.

కొత్త పెట్టె చెర్రీ చెక్కతో తయారైంది. ముసలావిడ అరచేతి వంపులకు సరిపోయేట్టు చెక్కింది ఇనెజ్. పక్కన వెడల్పైన చెక్క మీట, దాన్ని మణికట్టుతో అదిమినా బ్యాటరీ లోపలికి నొక్కుకుంటుంది. మూత జారిపోకుండా తోలు పట్టీ కట్టింది. జాలీకి తోలు ఉంగరం తగిలించింది, చిటికెన వేలు దూర్చి లాగితే ఊడి వస్తుంది. దులపడానికి కుంచెకి పిడికిలంత లావు పిడి.

మిసెస్ లారిమర్ పెట్టెను రెండు చేతుల మధ్య పెట్టుకుని, మీటను అరచేత్తో అదిమింది. ఎమెట్ సాయానికి వెళ్ళబోతే ఇనెజ్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. సన్నటి ఆవిరి లేచింది. ముసలావిడ కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి భుజాలు కిందికి దిగాయి.

"ఏ మైనస్ గ్రేడు," అంది బళ్ళో మార్కులు వేసినట్టు.

"మైనస్ దేనికి?"

"అడుగున గరుగ్గా ఉంది."

"అది నేను రుద్దిన చోటు," అన్నాడు ఎమెట్ నేల చూపులు చూస్తూ.

తర్వాత రెండు వారాలు అతని జాడ లేదు. వస్తే రిపేరుకే రావాలి. ఆ పెట్టె పాడవదు. తన పనితనం మీద తనకే కోపం రావడం ఇనెజ్‌కి అదే మొదటిసారి. ఏప్రాన్ ఉతకడం మానేసింది. ఒకరోజు పక్క షాపువాళ్ళు ఆల్చిప్పల సంగతి అడిగితే వాళ్ళమీద కసురుకుంది.

మూడో శుక్రవారం తలుపు గంట మోగింది. వానలో తడిసి ఎమెట్ నిలబడ్డాడు. చెర్రీ పెట్టె తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఇనెజ్ మూత తీసింది. జాలీ తళతళలాడుతోంది. చెక్కనిండా తేనెమైనం వాసన.

"ఏం పాడైంది?"

"ఏమీ కాలేదు."

"మరెందుకొచ్చావు?"

"ఏదో ఒకటి పాడుచేసి తెద్దామనుకున్నాను. అమ్మమ్మ ముట్టుకోనివ్వడం లేదు. ఇవాళ బతిమాలితే ఇచ్చింది." అతను గుక్క తిప్పుకున్నాడు. "మొదటిసారి నువ్వు తిట్టినప్పుడే అనుకున్నాను. ఒక చెక్కముక్క కోసం ఇంత ప్రాణం పెట్టే మనిషి, నా మీద కాస్త ఇష్టం పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అని. నాకైతే... అప్పటినుంచీ ఉంది."

"జూన్ నుంచా!" అరిచింది ఇనెజ్. "జూన్‌లో అనుకున్న మాట అక్టోబరు వెళ్ళాక చెబుతావా? నా మనసులో సంగతి అడగాలని తోచలేదా?"

"ఏముంది నీ మనసులో?"

అంతలో వీధిలోంచి కారు హారన్ గట్టిగా, పొడుగ్గా మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవరది?"

"అమ్మమ్మ," అన్నాడు ఎమెట్ దీనంగా. "పావుగంటలో నేను చెప్పకపోతే తనే లోపలికొచ్చి చెబుతానంది. టైపింగులో వేసిన పాపం ఇలాగైనా తీర్చుకుంటుందట."

హారన్ మళ్ళీ మోగింది. ఇనెజ్ తలుపు తెరిచి వానలోకి తల పెట్టి అరిచింది. "ఒక్క నిమిషం ఆగండి మేడం! మీ మనవడికి దేనికైనా ఐదు నెలలు పడుతుంది!"

తలుపు వేసి వెనక్కి తిరిగి, అతని తడి కాలర్ రెండు చేతులా పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ఇదుంది నా మనసులో, తెలివితక్కువవాడా," అని ముద్దు పెట్టింది.

బయట హారన్ మళ్ళీ మోగలేదు.