మూడో చెయ్యి వదులు

చీఫ్ చెప్పింది రెండే ముక్కలు. "సీసా దేశం దాటకూడదు. మీ పిన్ని ప్రాణం పోకూడదు."

"రెండిట్లో ఒకటే కుదిరితే?" అన్నాడు ఏజెంట్. వాణ్ని అందరూ బక్కోడంటారు.

చీఫ్ గ్యాస్ సిలిండర్లవాడి చొక్కా ఒకటి వాడి ముందుకు తోశాడు.

తల్లి పోయిన బక్కోణ్ని సాకింది ఆ పిన్నే. కెమిస్టు. విషవాయువును చిటికెలో పుట్టించే ఇనుప కాంప్లెక్సు అనే రసాయనం ఒక సీసాడు చేసిమ్మని విదేశీ ముఠా ఆమెను ఆమె ల్యాబులోనే నిర్బంధించింది.

సిలిండర్లవాడి వేషంలో బక్కోడు లోపలికి దూరాడు. చెవిలో పెసరగింజంత రేడియో. రెగ్యులేటర్ బిగించే వంకతో పిన్ని పక్కకు చేరాడు.

"నకిలీది ఇచ్చెయ్ పిన్నీ."

"టెస్టు చేస్తార్రా. తేలితే నన్ను పైకి పంపేస్తారు." గాలి చొరని గాజుపెట్టె, గ్లవ్‌బాక్సులోంచి చేతులు తియ్యకుండానే గొణిగింది. "ఇనుము దుడుకు పిల్లాడు నాయనా. లైగాండ్లనే అణువులు చుట్టూ చేతులేసి పట్టుకుంటేనే కుదురు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత బుద్ధి. దీనికి మూడు చేతులు కట్టి, మూడోది కావాలనే వదులుగా కట్టా. మంచులో పట్టుకునుంటుంది. వెచ్చబడిందా, జారిపోతుంది. ఇక అంతా బురదే."

"మంచుపెట్టె వాళ్ల చేతిలో ఉందిగా?"

"వెచ్చబెట్టడం నీ పని. అన్నీ నేనే చెయ్యాలా?"

ముఠా నాయకుడు చుక్క తీసి పరీక్షించాడు. మీటరు ముల్లు గీత దాటింది, సరుకు అసలుదేనని తేలింది. మాట ప్రకారం పిన్నిని గేటు దాటించాడు. "పిన్ని మన వ్యాన్‌లో ఉంది," అంది రేడియో.

సీసాను మంచుపెట్టెలో పైకప్పు మీది హెలికాప్టర్‌కి చేర్చేది ఎర్రకోటు సుందరి. ముఠా దగ్గరా, చీఫ్ దగ్గరా జీతం తీసుకునే మనిషి. ఆవిడ ఏ గట్టున ఉందో ఆవిడకే తెలియదు. ఖాళీ సిలిండరు తోసుకుంటూ బక్కోడు ఆమె లిఫ్టులోనే ఎక్కాడు.

"ఈ లిఫ్టు ఎప్పుడూ ఆలస్యమే," అని చీఫ్ మనుషుల కోడ్ చెప్పాడు.

జవాబు కోడ్ రాలేదు. అంతస్తులు గడిచిపోతున్నాయి.

"సరే, ఒక్కటి ఆలోచించుకో అక్కా. ఇది పనిచేస్తుందో లేదో మొదట ఎవరి మీద చూస్తారు? మోసుకొచ్చినవాళ్ల మీదే."

ఆమె కనురెప్ప ఆడింది. "ఏం చెయ్యాలి?"

"మంచుపెట్టె తెరువు. గ్లవ్ తీసి సీసాను గుప్పిట్లో పట్టుకో."

పైన హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి. ముందే పైకి చేరిన నాయకుడు చెయ్యి చాపాడు. ఆమె కోటు జేబులోంచి గుప్పిట తీసి విప్పింది. పచ్చగా ఉండాల్సిన ద్రవం చిక్కటి గోధుమరంగు బురదైపోయింది. అతను తుపాకీ తీసేలోపే సిలిండరు అతని మోకాళ్లకు తగిలింది. మెట్ల మీద చీఫ్ మనుషుల బూట్ల చప్పుడు దడదడలాడింది.

వ్యాన్‌లో చీఫ్ అభినందనలు మొదలుపెట్టాడు. పిన్ని వినలేదు, సీసాను వెలుగుకి పెట్టి చూసింది.

"ఎండకముందే కడిగెయ్‌రా బక్కోడా. తర్వాత గీకినా వదలదు."