కొత్తగా చేరినవి

శుక్రవారం మధ్యాహ్నం. గల్ఫ్ పట్టణం అల్ హైల్‌లో నమాజు ముగిసింది, దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు. రూమ్‌లో ఉండే ఆరుగురిలో ఐదుగురు రూవి బజారుకు పోయారు. సురేందర్ ఒక్కడే మిగిలాడు. ఎండ పడకుండా కిటికీకి అట్ట అంటించారు కాబట్టి లోపల పట్టపగలే చీకటి. ఏసీ గురగుర, నిన్నటి చేపల కూర వాసన.

అతను నేల మీద కూర్చుని కంప్యూటర్ బిగిస్తున్నాడు. పేరుకు అది రూమ్ మొత్తానికి సినిమాల పెట్టె. రిపేరు షాపు జీషాన్ దగ్గర పాత డబ్బా, బోర్డు, కొత్త హార్డ్ డిస్క్ తెచ్చాడు. టీవీకి కలిపేస్తే ఇక ప్రతి శుక్రవారం పండగేనని రూమ్ వాళ్ల సంబరం. సురేందర్ ఆశ వేరు. అతని దగ్గర కొన ఊపిరితో ఉన్న పాత డిస్కు ఒకటుంది. దాంట్లో సంధ్య ఉంది.

పెళ్లయిన ఆరేళ్లలో భార్యాభర్తలు ఒకచోట ఉన్నది ఐదు నెలలు. మిగతా కాపురమంతా వీడియో కాల్‌లోనే. పిచ్చివాడు, ప్రతి కాల్ రికార్డు చేసి దాచుకున్నాడు. ఎనిమిది నెలల కింద సంధ్య డెంగీతో పోతే కంపెనీలో సెలవు దొరకలేదు. దహనం కూడా ఫోన్‌లోనే చూశాడు. చిన్నాన్న కొడుకు రఘుపతి మొత్తం తీసి పంపి, చావు వీడియో దగ్గర ఉంచుకోవద్దంటూ తన ఫోన్‌లోంచి చెరిపేశాడు.

కూతురు నవీనకు నాలుగేళ్లు. జగిత్యాల దగ్గరి పల్లెలో నాయనమ్మ యాదవ్వ పెంచుతోంది. అమ్మ గొంతు ఎట్లుంటదని మొన్న ఫోన్‌లో అడిగింది. సురేందర్‌కు ఆ రోజు అన్నం సయించలేదు. పాపకు అమ్మ మిగలాలి. అతనికి కావలసింది అంతే.

పాత డిస్కు టిక్కుటిక్కుమంటూనే ఒక్కో ఫైలూ వదిలింది. చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది. దహనం. పాపకు ఇదెందుకు? కాపీ చెయ్యకుండా వదిలేసినా మనసొప్పలేదు. చెరిపేశాడు. డిస్కు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. పోతే పోయింది, పని అయింది కదా అనుకున్నాడు.

పెట్టెను కలిపి టీవీ పెట్టాడు. వరసలు వరసలుగా సంధ్య ముఖాలు. కళ్లు తుడుచుకున్నాడు. పై వరసకు 'కొత్తగా చేరినవి' అని పేరు. అందులో మొదటి బొమ్మ అతనెప్పుడూ చూడనిది. కింద ఈ రోజు తేదీ. పెట్టెకు ఇంకా నెట్ కూడా కలపలేదు.

నొక్కాడు.

సంధ్య ఇంటి గడప మీద కూర్చుని ఉంది.

"ఎవ్వలు మాట్లాడ్తలేరు నాతోని," అంది మెల్లగా. "అత్త పక్కపొంటే పోతది, సూడది. నువ్వన్న సూస్తున్నవా?"

భయం వెయ్యలేదతనికి. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. "సూస్తున్న," అన్నాడు టీవీతో.

సంధ్య నవ్వింది. విన్నట్టే నవ్వింది.

"పోయిన్ననుకున్న. పోలేదట గద... ఒక్కదాన్ని ఉండలేను. పాపను తోల్కపోత."

"యాడికి?"

సంధ్య లేచి లోపలికి వెళ్లింది. వీడియో అయిపోయింది. చేపల కూర వాసన పోయి, గదంతా కట్టెలు కాలిన వాసన...

సురేందర్ పాత డిస్కు అందుకున్నాడు. ఆ దహనం తిరిగి దొరికితే చాలు. ఆమె పోయిందని ఆమెకే చూపించొచ్చు. తీగ గుచ్చాడు. తీసి మళ్లీ గుచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చిన్న చప్పుడు కూడా లేదు.

తల ఎత్తేసరికి తెర మీద ఇంకో కొత్త బొమ్మ. నొక్కకుండానే కదిలింది. ఊరి బయట రోడ్డు. ఎవరో వెనక నడుస్తూ తీస్తున్నట్టుంది. ముందు సంధ్య. ఆమె వేలు పట్టుకుని పాప.

ఇంటికి ఫోన్ కలిపాడు. యాదవ్వ చాలాసేపటికి ఎత్తింది. గొంతు తగ్గించి మాట్లాడింది. పొద్దటి సంది ఆడి ఆడి పాప ఇప్పుడే పడుకుందట. తన పక్కనే ఉందట.

సురేందర్‌కు ప్రాణం లేచి వచ్చింది. కానీ తెర మీద ఇద్దరూ నడుస్తూనే ఉన్నారు.

"లేపు, అవ్వా."

"ఇప్పుడే పన్నదిరా..."

"లేపు."

నవీనా, ఓ బిడ్డా అని పిలవడం వినిపించింది. మళ్లీ పిలిచింది. సురేందర్ ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకున్నాడు. ఏసీ శబ్దం ఎప్పుడు ఆగిందో...

"లేస్తలేదు, కొడుకా," అంది యాదవ్వ గుసగుసగా. "నిద్రలనే చెయ్యూపుతున్నది. ఎవలకో పోయొస్త అన్నట్టు."

టీవీలో పాప నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగింది. సురేందర్ వైపే చూసి చెయ్యి ఊపుతోంది.

ఆపే బటన్ నొక్కాడు. ఆగలేదు. పెట్టెకూ టీవీకీ ప్లగ్గులు పీకేశాడు. అయినా తెర అడుగున ఆ ఫైలు నిడివి ఇంకా పెరుగుతూనే ఉంది.