రామస్వామి కాపలా

మన్సూరాబాద్‌లో షేర్ ఆటోలు ఆగే చోటు నుంచి లోపలికి నడిస్తే నాలుగో గల్లీ. ఆ గల్లీ మలుపులో ఉన్న రేకుల ఇంటికి మంచి పేరు లేదు. రాత్రి పది దాటాక దాని ముందు నుంచి పోవాల్సి వస్తే, పక్క గల్లీ చుట్టు తిరిగిపోయేవాళ్ళే ఎక్కువ. అంత ఓపిక లేనివాళ్ళు అవతలి గోడకు ఆనుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుంటూ గబగబా నడుస్తారు.

ఎందుకంటే — రామస్వామి దగ్గుతాడు.

దగ్గితే దగ్గాడు, ముసలాయన అంటారేమో... రామస్వామి పోయి మూడేళ్ళయింది.

గల్లీలో అడుగుల చప్పుడు కావాలి, అంతే. కిటికీ వెనక నుంచి ముందు ఒక దగ్గు... తర్వాత గొంతు సవరించుకోవడం... ఆ తర్వాత మెల్లగా, "ఎవరది?" అచ్చం బతికున్నప్పటి గొంతే. గడప పక్కన ఆయన చెప్పులు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున ఒక తీరుగా ఉంటే, రాత్రికి ఇంకో తీరుగా ఉంటాయి.

ఆ ఇంట్లో ఉండేది ఆయన భార్య అండాలమ్మ ఒక్కతే. అడిగితే కాదనదు. "ఆయన యాడికి పోతడు? ఇంట్లనే ఉన్నడు" అంటుంది, వాకిలి ఊడుస్తూనే. అడిగినవాళ్ళు మళ్ళీ అడగరు.

ఈ సంగతి జరిగింది అదే గల్లీలో ఉండే అరుణజ్యోతికి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షోరూంలో సేల్స్‌గర్ల్. గర్ల్ అని పేరే గానీ, ఇంటర్ పాసైన కూతురుంది ఆమెకు — తన్మయి. భర్త జగన్ లారీ మీద వెళ్తే పది రోజులకు గానీ ఇల్లు చేరడు. తన్మయి మెడికల్ షాపులో పనికి పోతుంది. పొద్దంతా ఇంటికి తాళం. ఆ తలుపు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు, గట్టిగా తుమ్మితే ఊడొచ్చే గడియ. ఆ గడియ వెనక నాలుగు తులాల బంగారం. తల్లి పోతూ పోతూ జ్యోతి చేతిలో పెట్టిన గొలుసు, రెండు గాజులు. తన్మయికి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. సోమవారం ఫీజు కట్టాలి. ఆదివారం సెలవు పెట్టి అవి అమ్మితేనే సీటు, లేకపోతే లేదు.

ఆ నెలలోనే వెనక గల్లీలో మూడిళ్ళలో దొంగలు పడ్డారు. మూడూ తాళం వేసిన ఇళ్ళే. బ్యాంకులో లాకరు అడిగితే ఖాళీ లేదన్నారు. జ్యోతి ఆ బంగారాన్ని బియ్యం డబ్బాలో దాచింది. అక్కణ్ణుంచి తీసి దిండు గలీబులో కుట్టింది. మళ్ళీ విప్పి పాత ప్రెషర్ కుక్కర్లో పెట్టింది. షాపులో చీరలు పరుస్తున్నా మనసంతా కుక్కర్ మీదే. కంటికి కునుకు లేదు పాపం.

అప్పుడు తట్టిందామెకు. దొంగలు కూడా తొక్కని గడప ఒకటి ఉంది కదా!

పొద్దున్నే మూట పట్టుకుని అండాలమ్మ దగ్గరకు పోయింది.

"నా ఇంట్ల ఎందుకు బిడ్డా?"

"మీ ఇంటికి దొంగలు రారు పెద్దమ్మా. పెదనాయిన ఉన్నడు గద."

అండాలమ్మ ఏదో చెప్పబోయింది. నోటిదాకా వచ్చింది. జ్యోతి మొహంలోకి చూసి, ఆ మాట మింగేసింది. మూట తీసుకుని భర్త మంచం కిందున్న ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఆ రాత్రి జ్యోతి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఆ మర్నాటి నుంచి చుట్టు తిరగడం మానేసి, రోజూ ఆ ఇంటి ముందు నుంచే నడిచింది. దగ్గు వినబడితే గుండె ఝల్లుమనేది. వినబడ్డాకే ధైర్యంగానూ ఉండేది, కాపలా మేలుకునే ఉందని.

శనివారం వచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు, షాపు వదిలేసరికే పది. ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి, ఆటో పట్టుకుని గల్లీ మొదట్లో దిగేసరికి పదకొండు. సాయంత్రం గాలివానకు పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఎక్కడా మనిషి అలికిడి లేదు.

మలుపు దగ్గరకొచ్చింది.

దగ్గు లేదు.

ఆగింది. కావాలనే చెప్పులు నేలకేసి రాసింది... లేదు. ఇంకో రెండడుగులు వేసింది... ఊహూఁ.

లోపల ఏదో కదిలింది. ఇనుమును బండ మీద ఈడ్చినట్టు... ఆగి... మళ్ళీ ఈడ్చినట్టు.

"జ్యోతీ..."

గుసగుస. కిటికీ వెనక నుంచే. ఆడగొంతో మగగొంతో తెలియడం లేదు. పీక పిసుకుతుంటే వచ్చినట్టుంది మాట.

రాత్రిపూట ఎవరు పేరు పెట్టి పిలిచినా వెంటనే పలకొద్దని మనవాళ్ళు చెబుతారు. మూడుసార్లు పిలిచేదాకా ఆగాలి. మనుషులైతే మూడోసారీ పిలుస్తారు. దెయ్యం పిలవలేదు. తొందరపడి పలికామా — దాని వెంట పోయినట్టే.

"జ్యోతీ... జర రా బిడ్డా..."

రెండు.

జ్యోతి అవతలి గోడకు ఆనుకుంది. మూడోసారి పిలిస్తే పలుకుతా... పిలిస్తే పోతా... అనుకుంటూ చీకట్లో నిలబడింది. లోపల ఏదో మెత్తటి చప్పుడైంది.

మూడో పిలుపు రాలేదు.

జ్యోతి పరుగెత్తింది. ఇంట్లో పడి, గడియ పెట్టి, నిద్రపోతున్న కూతుర్ని కరచుకుని పడుకుంది. ఎవరికైనా చెబుదామంటే ఏమని చెబుతుంది? దెయ్యం పిలిచిందనా? అది గల్లీ అంతటికీ తెలిసిన సంగతే కదా.

తెల్లారేసరికి మలుపు దగ్గర జనం, పోలీసు జీపు. వెనక తలుపు పెకిలించి ఉంది. ట్రంకు పెట్టె మూత విరిగి పక్కన పడి ఉంది. అండాలమ్మ అరుగు మీద కూర్చుంది. మూతి వాచిపోయింది, మణికట్ల మీద తాడు కోసుకున్న గీతలు.

పోలీసుల ముందు ఏడుస్తూ అంతా చెప్పేసింది. దెయ్యమూ లేదు, ఏమీ లేదు. రామస్వామి దవాఖానలో ఉన్నప్పుడు, పొద్దున డాక్టరుకు వినిపించాలని రాత్రిపూట ఫోన్లో పట్టిన దగ్గు అది. నర్సు గదిలోకి వస్తే "ఎవరది?" అన్నది కూడా అందులోనే పడింది. ఒంటరి ఆడది, రేకుల ఇల్లు. ఇంట్లో మగమనిషి ఉన్నాడని దొంగలు అనుకోవాలి. అందుకని రాత్రంతా మేలుకుని, గల్లీలో అడుగులు వినబడ్డప్పుడల్లా ఫోను నొక్కేది. చెప్పులు జరిపేదీ ఆమే. నిన్న కరెంటు లేక ఫోను ఆగిపోయింది.

"ఫోనున్నా ఏం లాభం లేకుండె అమ్మా," అన్నాడు పోలీసాయన. "వాళ్ళు బయటి గ్యాంగు, ముసలాయన దగ్గుకు ఆగెటోళ్ళు గాదు. నిన్న రాత్రి హయత్‌నగర్‌ల గూడ పడ్డరు. గీ ఇంట్ల దెయ్యమున్నదని వాళ్ళకెవరు చెప్పిన్రు?"

నిజమే. ఆ దెయ్యానికి భయపడేది గల్లీవాళ్ళే.

జ్యోతి విరిగిన పెట్టె వైపు చూసింది. అడుగున పాత దుప్పటి తప్ప ఏమీ లేదు. తెల్లారితే సోమవారం. ఏడుపు కూడా రాలేదామెకు.

అండాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ సొమ్ము నా చేతుల పోయింది బిడ్డా. వాళ్ళు పెట్టె గుంజుతుంటే నోరు విడిపిచ్చుకొని పిలిచిన. గల్లీల ఎవరో నిలబడ్డరు. ఆ నడక దినాం వింట గద, నీదే అనుకున్న. రెండుసార్లు పిలిచిన. మూడోసారి పిలుద్దమంటే నోట్ల గుడ్డ కుక్కిన్రు."

తన్మయి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"నువ్వు కాదులే," అంది అండాలమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వైతే ఉరికొస్తుంటివి."

కూతురు తన మొహంలోకే చూస్తోంది.

"నేను కాదు పెద్దమ్మా," అంది జ్యోతి.